అంకుల్ అంటే ఎవరు?

వానాకాలం వచ్చిందంటే మా వికారాబాదులో రెండు విశేషాలు. అనంతగిరి కొండల మీదికి మబ్బులు దిగుతాయి. కాలేజీలో నా బల్ల మీదికి సెలవు చీటీలు దిగుతాయి. నాట్లు, జ్వరాలు, పెళ్ళిళ్ళు, చావులు - కారణం ఏదైనా చీటీ మాత్రం ఇంగ్లీషులోనే వుంటుంది. నేను చెప్పేది తెలుగు. చదివే కుర్రాళ్ళు తెలుగువాళ్ళు. అయినా సెలవు అడగవలసి వస్తే ఇంగ్లీషే శరణ్యం. ఆ చీటీ నమూనా ఎవరు రాసిపెట్టారో గాని, మా నాన్నగారి రోజులనుంచి అక్షరం మారలేదు.

కిందటేడు ఆగస్టులో డిగ్రీ రెండో సంవత్సరం కుర్రవాడొకడు అలాంటి చీటీయే తెచ్చాడు. తాండూరునుంచి రోజూ రైల్లో వచ్చిపోతూ వుంటాడు. మితభాషి. వెనక బెంచీలో కూర్చున్నా రాత ముత్యాల్లా వుంటుంది. చీటీలో వున్నది రెండే వాక్యాలు. మొదటి వాక్యం: "మై అంకుల్ ఎక్స్‌పైర్డ్." రెండోది పదకొండు రోజుల సెలవు దయచేయించమని.

నేను చీటీ చూశాను, కుర్రాణ్ణి చూశాను. "అంకుల్ పోతే పదకొండు రోజులేమిటయ్యా? వచ్చేవారం ఇంటర్నల్ పరీక్ష వుంది గదా!" అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడే గాని మాట్లాడలేదు. ఎర్రసిరాతో 'రెండు రోజులు మాత్రమే' అని రాసి సంతకం పెట్టాను. చాలా న్యాయంగా ప్రవర్తించాననే అనుకున్నాను.

రెండు రోజులు గడిచినా అతను రాలేదు. పరీక్షకూ రాలేదు. హాజరుపట్టీలో సున్నాలు చుట్టుకుంటూ పోయాను. నెల దాటింది. ఒకనాడు పాఠం మధ్యలో ఆ వెనక బెంచీ కేసి చూసి, "వాడేడిరా, చదువు మానేశాడా?" అని అడిగాను. పక్కన కూర్చునే కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"మానేసిండు సార్. వాళ్ళ మామ పోయిండు గద. వానికి నాయిన లేడు సార్. చిన్నప్పటిసంది మామనే సాదిండు."

ఆ కుర్రాడు అన్నది 'మామ'. చీటీలో వున్నది 'అంకుల్'. ఆ రెండు మాటల మధ్య వున్న దూరమెంతో నాకు ఆ క్షణాన తెలిసివచ్చింది. ఎమ్మే తెలుగు చదివి, ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. 'ఏ అంకులయ్యా?' అని ఒక్క ప్రశ్న వేయలేకపోయాను!

ఒక్క మాట - ఎందరు మనుషులు?

మీ ఇంటికి వచ్చేపోయేవాళ్ళను ఒకసారి తలుచుకోండి. నాన్నకు అన్న పెద్దనాన్న, తమ్ముడు చిన్నాన్న. అమ్మ చెల్లెలి భర్త కూడా చిన్నాన్నే, కొందరికి బాబాయి. అమ్మకు అన్నదమ్ములు మేనమామలు. మేనత్త భర్త మామయ్య. వీళ్ళందరూ ఇంగ్లీషులో అంకుళ్ళే. పక్కింటాయనా అంకులే. పాలపాకెట్లు అమ్మే కొట్టాయనా అంకులే.

మన పిలుపులో ఒక లెక్క వుంది. నాన్న తమ్ముడు 'చిన్న నాన్న', అమ్మ చెల్లెలు 'చిన్న అమ్మ'. అంటే వాళ్ళూ తల్లిదండ్రుల వరసే. కనుక వాళ్ళ పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనమామ, మేనత్త ఆ గీతకు అవతలివాళ్ళు. వాళ్ళ పిల్లలు బావలు, మరదళ్ళు. ఎవరితో పెళ్ళి వరస కుదురుతుంది, ఎవరితో కుదరదు అన్నది పిలుపులోనే తేలిపోతుంది. ఈ లెక్కను చూసి సముద్రాల అవతలివాళ్ళు కూడా ఆశ్చర్యపోయారు. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది ప్రపంచంలోని చుట్టరికాల పేర్లన్నీ పోగుచేసి 1871లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో తమిళ, తెలుగు, కన్నడాల వరసలు కూడా చేర్చాడు. న్యూయార్కు ప్రాంతపు సెనెకా ఇండియన్లు తండ్రి సోదరుణ్ణి తండ్రి అనే పిలవటం, మన దక్షిణదేశపు పద్ధతీ ఒకే అచ్చులో పోసినట్టుండటం గమనించి ఆయన అబ్బురపడ్డాడు.

ఇక అత్తవారింటి సంగతి చూడండి. బావ, బావమరిది, మరిది, తోడల్లుడు - ఈ నలుగురికీ ఇంగ్లీషులో 'బ్రదర్ ఇన్ లా' ఒక్కటే. వదిన, మరదలు, ఆడబిడ్డ, తోడికోడలు - ఈ నలుగురికీ 'సిస్టర్ ఇన్ లా' ఒక్కటే. ఆడబిడ్డనూ తోడికోడలినీ ఒకే మాటలో ఇమిడ్చి, కాపురాలు సాగించుకుంటున్న ఆ జాతి ఓర్పుకు నమస్కరించవలసిందే! వియ్యంకుడికైతే వాళ్ళకు మాటే లేదు. పిల్లనిచ్చిన ఇంటివారితో పిల్లవాడి తండ్రికి వాళ్ళ దేశంలో పనేమీ వుండదు కాబోలు. మన దగ్గర పెళ్ళిలో సగం హడావిడి వియ్యంకుళ్ళదే గదా.

మా జిల్లాలో ఈ వరసలకు భాషల సరిహద్దు కూడా అడ్డురాదు. తాండూరు దాటితే కర్ణాటకమే. తోడికోడలిని మావైపు యారాలంటారు. తోడల్లుడు సడ్డకుడు. కన్నడిగులు 'షడ్డక' అంటారు. ఉర్దూవాళ్ళు 'హమ్‌జుల్ఫ్' అంటారు. 'జుల్ఫ్' అంటే ముంగురులు. అక్కచెల్లెళ్ళ ముంగురులకు చిక్కిన ఇద్దరు మొగవాళ్ళన్నమాట! మన వియ్యంకులు కన్నడంలో 'బీగరు', ఉర్దూలో 'సమ్ధీ'. తెలుగు, ఉర్దూ, కన్నడం మాట్లాడే మూడిళ్ళవాళ్ళు ఒక గోడవారగా వుంటున్నా ఎవరి వరస వారికి స్పష్టంగా వుంటుంది. ఇంగ్లీషులో ఈ లోటు పూడ్చడానికి మనవాళ్ళే పూనుకుని 'కో బ్రదర్', 'కో సిస్టర్' అనే మాటలు తయారుచేశారు. 'కజిన్' అంటే ఆడో మగో తెలియక 'కజిన్ బ్రదర్', 'కజిన్ సిస్టర్' అన్నారు. ఇంగ్లీషు వ్యాకరణవేత్తలు నవ్వితే నవ్వనివ్వండి. మనకు అవసరమైన సొరుగులు మనం పెట్టుకున్నాం.

వాళ్ళకూ మేనమామ వుండేవాడు

అయితే ఇంగ్లీషువాళ్ళు ఎప్పుడూ ఇలాగే వుండేవారనుకుంటే పొరపాటు. ఈ సంగతి తెలిసినప్పుడు నేనే నమ్మలేకపోయాను.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో తండ్రి సోదరుడు 'ఫెడెర'. తల్లి సోదరుడు 'ఎఅమ్'. తల్లి సోదరి 'మోడ్రియె'. తండ్రి సోదరి 'ఫథు'. నలుగురికీ నాలుగు పేర్లు, అచ్చం మనకు లాగే! 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. దొరల భాష ఫ్రెంచి అయింది. దొరల ఇంట వాడే మాటలకు గౌరవం వచ్చింది. క్రమంగా ఆ నాలుగు మాటలూ వాడుకలోంచి తప్పుకున్నాయి. వాటి స్థానంలో ఫ్రెంచినుంచి వచ్చిన రెండే మాటలు కూర్చున్నాయి - 'అంకుల్', 'ఆంట్'.

ఇంకా తమాషా ఏమిటంటే, 'అంకుల్'కు మూలం లాటిన్ 'అవుంకులుస్'. దానికి అర్థం మేనమామ! తండ్రి సోదరుడికి లాటిన్‌లో వేరే మాట వుండేది. 'ఆంట్'కు మూలం 'అమిత'. అంటే మేనత్త! 'కజిన్' మాట పుట్టిన లాటిన్ మాటకు మొదటి అర్థం తల్లి సోదరి బిడ్డ. అంటే నా విద్యార్థి రాసిన 'అంకుల్'లో రెండువేల ఏళ్ళ కిందట వున్నది మేనమామే. నడిచి నడిచి, నలిగి నలిగి, నా బల్లమీదికి వచ్చేసరికి ఆ మాటలోని మనిషి జారిపోయాడు.

జర్మన్లకూ ఇదే జరిగింది. మేనమామకు 'ఓహైమ్' అనీ, పిన్నికి 'మూమె' అనీ వాళ్ళకు సొంత మాటలు వుండేవి. నాగరికులనిపించుకోవాలని ఫ్రెంచినుంచి 'ఓంకెల్', 'టాంటె' తెచ్చుకున్నారు. ఇవాళ పాత మాటలు పుస్తకాల్లోనే మిగిలాయి. దొరల మాట ఇంట్లోకి వస్తే ఇంటి మాట పెరట్లోకి పోవటం ఒక్క మన తెలుగువాళ్ళకే పట్టిన జాడ్యం కాదు.

చల్లని భుజం, వెచ్చని చెయ్యి

చుట్టరికాల పేర్లతో ఇది తీరలేదు. మనుషుల మధ్య మంచిచెడ్డలు చెప్పుకునే పలుకుబళ్ళలో ఇంకా చిక్కులున్నాయి. మాటకు మాట పెట్టి చూడండి.

ఎవరినైనా పట్టించుకోకపోతే ఇంగ్లీషువాడు 'చల్లని భుజం చూపాడు' అంటాడు. ఆదరంగా పలకరిస్తే 'వెచ్చని స్వాగతం' అంటాడు. మంచు కురిసే దేశం వాడిది. వెచ్చదనమే వాడికి ప్రేమ. మన సంగతి వేరు. మే నెలలో తాండూరు వచ్చి బండలు పరిచిన వాకిట్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది, మనకు చల్లదనమెందుకు ప్రేమ అయిందో! చల్లని చూపు, చల్లని మనసు, కడుపు చల్లగా వుండటం, చల్లగా బతకమని దీవించటం - ఇవన్నీ మనవి. మనకు వేడెక్కేది తగాదా.

ఇద్దరు చూడగానే స్నేహితులైపోతే 'ఇల్లు అంటుకున్నట్టు కలిసిపోయారు' అని వాళ్ళ నానుడి. మా క్లాసులో ఒకసారి దీన్ని తెలుగులో చెప్పమంటే ఒక పిల్ల తడుముకోకుండా, "అత్తాకోడళ్ళు సార్!" అన్నది. క్లాసంతా గొల్లుమన్నది. మనకు పాలూ నీళ్ళలా కలవటం తెలుసు గాని, ఇల్లంటుకుంటే నీళ్ళ బిందెలు పట్టుకుని పరుగెత్తటమే తెలుసు.

వాళ్ళు ప్రేమలో 'పడతారు'. ఈ మాట మన కథల్లోకీ సినిమాల్లోకీ వచ్చి 'ప్రేమలో పడ్డాడు' అయింది. మనకు 'మనసుపడటం' వుండనే వుంది. అక్కడ మనిషి పడతాడు, ఇక్కడ మనసు పడుతుంది. మనిషి కాళ్ళమీద నిలబడే వుంటాడు. మొదటిదాంట్లో దెబ్బ తగిలే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం.

కొన్నిచోట్ల మాత్రం దేశాలు వేరైనా మనసులు ఒకటే. పెళ్ళిని వాళ్ళూ ముడి వేయటమంటారు. మనం మూడు ముళ్ళంటాం. రెండు ముళ్ళు ఎక్కువ వేసినందుకు మనకు గట్టితనం ఎక్కువో తక్కువో మీరే చెప్పాలి.

ఇంగ్లీషు ఇచ్చింది కూడా వుంది

ఇంతవరకు చదివి, 'తెలుగు పంతులు గదా, ఇంగ్లీషును తిట్టడం ఆయన వృత్తి' అనుకుంటారేమో. నేను కూడా ఇదంతా ఒకనాడు మా ఇంట్లో భోజనాల దగ్గర ఉపన్యాసంలా చెప్పాను. ఇంటర్ చదివే మా అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నది. చివర్న నెమ్మదిగా అన్నది:

"నాన్నా, అత్తమ్మ కొడుకుని నేను బావ అన్నాననుకో, నా ఫ్రెండ్సంతా ముసిముసి నవ్వులు నవ్వుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఏదో ఒకటి కలిపి అంటారు. కజిన్ అంటే ఎవ్వరూ నవ్వరు. వాడూ నేనూ హాయిగా లెక్కలు చేసుకుంటాం."

నా చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది. నేను ఏ స్పష్టతను చూసి మురిసిపోతున్నానో, ఆ స్పష్టతే ఒక ఆడపిల్లకు సంకెల కావచ్చు. పుట్టగానే 'ఫలానావాడి పెళ్ళాం' అని పిలుపుతోనే ముడిపెట్టిన మేనరికాలు మన ఇళ్ళలో ఎన్ని లేవు? ఆ పిల్లలలో ఎందరికి ఇష్టమో ఎవరైనా అడిగారా? 'కజిన్' అనే ఆ మసక మాట వెనక మా అమ్మాయికి కాస్త నీడ దొరికింది.

'అంకుల్', 'ఆంటీ'లదీ ఇదే కథ. మా తాతల కాలంలో ఊళ్ళో అందరూ అందరికీ మామ, అన్న, అక్క అయ్యేవారంటాం. నిజమే గాని ఆ వరసలు గీతల మధ్యనే తిరిగేవి. ఊరి చివరి గుడిసెలోని ముసలాయన, పటేలుగారింటి పసివాణ్ణి కూడా 'దొరా' అనవలసి వచ్చేది. ఆ పసివాడు ఆయన్ని పేరు పెట్టి 'ఒరే' అనేవాడు. ఇవాళ ఆ ముసలాయన మనవరాలు పటేలుగారి మనవణ్ణి 'అంకుల్' అంటుంది. అంకుల్‌కు కులం లేదు. అది చిన్న లాభం కాదు.

ఇక 'సారీ', 'థాంక్స్'. భార్యను 'క్షమించు' అనాలంటే మొగవాడికి నాటకంలో వేషం కట్టినట్టుంటుంది. 'సారీ' అయితే గడపలో చెప్పులు విడుస్తూ కూడా అనేయవచ్చు. అసలేమీ అనకుండా కూరగాయల సంచి అందించి ఊరుకున్న మా నాన్నగారి తరం కంటె, ఆ పాటి మాట అనగలుగుతున్న మా తరం నయమనే మా ఆవిడ తీర్పు.

కనుక మాట మసకగా వుండటం ఒక్కొక్కచోట దయ. ఒక్కొక్కచోట అన్యాయం. ఎక్కడ ఏది అన్నది చూసుకోవటమే మన పని. ఆ చీటీ దగ్గర నేను చూసుకోలేదు.

తాండూరు ప్రయాణం

ఆ ఆదివారం పొద్దున్న బండెక్కాను. 1874లో నిజాం రాజ్యాన వాడినుంచి సికింద్రాబాదు దాకా వేసిన రైలుదారి మీదివే మా రెండు ఊళ్ళూ. నడుమ దూరం సుమారు 40 కిలోమీటర్లు. కిటికీలోంచి కందిచేలు పచ్చగా కనిపించాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా క్లాసులో మిఠాయి పంచింది ఈ కుర్రాడే. ఆ మిఠాయి తిన్నాను గాని, అతనింట్లో ఎవరెవరున్నారని అడిగిన గుర్తు లేదు.

ఇల్లు కనుక్కోవటం కష్టం కాలేదు. రెండు గదులు, వాకిలంతా తాండూరు బండలు. అతని తల్లి వాకిట్లో కందులు చెరుగుతున్నది. నేనెవరో చెప్పగానే లేచి, చెంగు సర్దుకుని, కుర్చీ వేసింది. కుర్రాడు ఇంట్లో లేడు. బండలు పాలిష్ పట్టే చోట పనికి కుదిరాడట. మామ చేసిన పనే.

"మా ఆయన పోయిన్నాడు పోరడు మూడేండ్లోడు సారూ," అన్నదావిడ. "మా తమ్ముడు మమ్మల తోల్కొచ్చి ఈడ పెట్టిండు. వీని పుట్టెంట్రుకలు వాని తొడమీదనే తీసినం. బడికి వాడే తోల్కపోయిండు. కాలేజి ఫీజు వాడే కట్టిండు. నా పెద్దబిడ్డ పెండ్లిల గంపల కూసోబెట్టి పందిట్లకు ఎత్తుకొచ్చింది వాడే. కర్మ చెయ్యనీకె వానికి కొడుకుల్లేరు. వీడే చేసిండు. అందుకే పదకొండు దినాలు..."

ఆవిడ ఆగిపోయింది. నన్ను తప్పుపట్టలేదు. పదకొండు రోజులకు నేను రెండు రోజులిచ్చానన్న సంగతి కొడుకు ఇంట్లో చెప్పనే లేదని అప్పుడు అర్థమైంది.

పొడి దుమ్ముతో తలంతా తెల్లబడి కుర్రాడు మధ్యాహ్నానికి వచ్చాడు. నన్ను చూసి గడప అవతలే నిలబడిపోయాడు. "మేనమామ అని ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను. "ఇంగ్లీషుల అంకులే గద సార్," అన్నాడు.

నాకు మాట రాలేదు. కొంచెం ఆగి "సారీ" అన్నాను. 'క్షమించు' అనలేకపోయాను. పైన నేను రాసిన సంగతి నా నోటనే రుజువైంది. అతను కంగారుపడి "అయ్యో సార్!" అన్నాడు. బయలుదేరేముందు అతని తల్లి నాతో, "అన్నా, వాని చదువు ఆగకుండ జర చూడు," అన్నది. వచ్చేటప్పుడు సారును. పోయేటప్పటికి అన్నను. అంటే ఆ కుర్రాడికి నేనేమవుతానో మన తెలుగు లెక్కలో ఇక చెప్పనక్కర్లేదు.

ప్రిన్సిపాలుగారితో మాట్లాడాను. తప్పు నాదని రాసిచ్చాను. ఇంటర్నల్ పరీక్ష మళ్ళీ పెట్టటానికి ఒప్పుకున్నారు. హాజరు లోటుకు రుసుము కట్టవలసి వచ్చింది. అది ఎవరు కట్టారన్నది మా ఇంటి విషయం. కుర్రాడు తిరిగి వచ్చాడు. సాయంత్రాలు మాత్రం పాలిష్ పనికే పోతున్నాడు. ఇల్లు గడవాలి గదా. రెండో సంవత్సరం గట్టెక్కాడు. ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతున్నాడు.

అప్పటినుంచి నా క్లాసులో ఒక నియమం పెట్టాను. సెలవు చీటీ ఏ భాషలోనైనా రాయండి. చుట్టరికం మాత్రం తెలుగులోనో, మీ ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనో, కన్నడంలోనో రాయండి. ఇంగ్లీషు చెప్పే సహోద్యోగి ఒకాయన ఆ చీటీలు చూసి పడీపడీ నవ్వాడు. "ఇదేం ఇంగ్లీషండీ, 'మై పెద్దమ్మ ఈజ్ సీరియస్' అట!" అన్నాడు.

"ఇంగ్లీషు సంగతి నాకు తెలియదు గాని, ఎవరికి బాగాలేదో మాత్రం తెలిసింది," అన్నాను.

పోయిన వారం ఆయన బల్లమీద ఒక చీటీ చూశాను. ఆయన క్లాసు కుర్రాడిదే. 'అంకుల్' అని రాసివున్నచోట ఎర్రసిరాతో సున్న చుట్టి, పక్కన ఆయన స్వహస్తాలతో తెలుగులో రాశారు: "ఎవరు?"